సీసీ తర్వాత, ముందు నేల: నెల్లూరు, ప్రకాశం దారులకు ఏ ఆఫ్‌రోడ్ బండి?

నెల్లూరు షోరూంలో ఆఫ్‌రోడ్ బండి ముందు నిలబడ్డ కుర్రాడి నోట మొదట వచ్చే మాట “ఎన్ని సీసీనా ఇది?” అనే. తర్వాత మైలేజీ, ఆ తర్వాత ఈఎంఐ. బరువెంతని అడిగేవాళ్లు అరుదు. ఏ నేల మీద నడపబోతున్నామన్న సంగతి షోరూం దాకా రానే రాదు. తీరా బండి ఇంటికొచ్చాక పెన్నా ఇసుకలో ముందు చక్రం దిగబడినప్పుడు గానీ, రేగడి బురద మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రమే తిరగడం మానేసినప్పుడు గానీ ఆ ప్రశ్న గుర్తుకు రాదు.

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సముద్రం నుంచి పడమటి కొండల దాకా పోయేలోపు నేల నాలుగైదు సార్లు మారిపోతుంది. మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు ఇసుక. దాని వెనకే సరుగుడు తోటలు, చవుడు నేలలు, రొయ్యల చెరువుల కట్టలు. ఒంగోలు దాటి మద్దిపాడు, నాగులుప్పలపాడు వైపు పొగాకూ శనగా పండే నల్లరేగడి. ఆత్మకూరు, ఉదయగిరి, కనిగిరి చుట్టూ ఎర్రనేల, గరప అనే గుండ్రాళ్ల నేల. ఇంకా లోపలికి పోతే మార్కాపురం పలకరాయి, గిద్దలూరు, దోర్నాల దగ్గర నల్లమల, నెల్లూరు జిల్లా పడమటి అంచున వెలిగొండలు. మధ్యలో పెన్నా, మన్నేరు, గుండ్లకమ్మ. ఏడాదిలో చాలా నెలలు వీటిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. ఒక్క బండి ఇన్ని నేలల మీదా ఒకేలా నడవదు. అందుకే కొనేవాడు తన ఊరి చుట్టూ ముప్పై నలభై కిలోమీటర్లలో ఏముందో చూసుకుని కొనాలి. వీడియోలో లడఖ్ చూసి కొంటే ఆ బండి లడఖ్‌కే పనికొస్తుంది.

మోటోక్రాస్ వేరు, దారుల్లో తిరిగే ట్రెయిల్ బండి వేరు

ఆఫ్‌రోడ్ అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు రకాల బళ్లు ఉన్నాయి. వీటిని కలగలిపేయడం దగ్గరే సగం డబ్బు వృథా అవుతుంది.

మోటోక్రాస్ బండి పందెం కోసం పుట్టింది. కవాసకి కేఎక్స్ 250, సుజుకి ఆర్ఎం-జెడ్ 250 లాంటివి ఈ కోవలోవి. నూట ఐదు, నూట పది కిలోల బరువు. ముందూ వెనకా మూడొందల మిల్లీమీటర్ల దాకా ఆడే సస్పెన్షన్. ఆరేడు లీటర్ల ట్యాంకు. హెడ్‌లైటు ఉండదు, ఇండికేటర్లు ఉండవు, స్పీడోమీటరూ ఉండదు. గేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఇంజను పై ఆర్పీఎంలోనే, అంటే బాగా వేగంగా తిరిగినప్పుడే, ప్రాణం పోసుకుంటుంది. ఎగిరి దూకి నేలకు దిగే దెబ్బను తట్టుకోవాలి కాబట్టి స్ప్రింగులు గట్టిగా ఉంటాయి. అదే బండిని ఉదయగిరి వైపు రాళ్ల దారిలో నెమ్మదిగా నడిపితే ప్రతి రాయీ చేతుల్లోకి కొడుతుంది, తక్కువ స్పీడులో ఇంజను తడబడి ఆగిపోతుంది. గాలి తగలక రేడియేటర్ మరుగుతుంది.

ఎండ్యూరో బండి దానికి తమ్ముడిలాంటిది గానీ స్వభావం వేరు. వెనక చక్రం 19 అంగుళాలకు బదులు 18, సస్పెన్షన్ కాస్త మెత్తన, గేర్ల మధ్య దూరం ఎక్కువ, లైటు ఉంటుంది. గంటల తరబడి అడవి దారిలో పోవడానికి చేసిన బండి అది. మూడోది డ్యూయల్ స్పోర్ట్: నంబరు ప్లేటు వేసుకుని రోడ్డు మీద పోయి, డొంకలోకి దిగి, మళ్లీ రోడ్డెక్కి ఇంటికొచ్చే బండి. హీరో ఎక్స్‌పల్స్, కవాసకి కేఎల్ఎక్స్ 230 ఈ జాతివి. నాలుగోది అడ్వెంచర్ టూరర్: రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, కేటీఎం 390 అడ్వెంచర్. ఇవి దూరప్రయాణాల బళ్లు. మట్టిరోడ్డు మీద బాగానే పోతాయి, కానీ లోతు ఇసుకలో పడేస్తే వాటిని లేపడం ఇద్దరి పని.

మోటోక్రాస్ బండి కొనాలనుకునేవాళ్లకు ఇక్కడొక చేదు నిజం ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి బహిరంగ రోడ్డు మీదికి రాకూడదు. మోటోక్రాస్ బళ్లకు రిజిస్ట్రేషన్ కాదు. అంటే ఇంటి నుంచి ట్రాక్ దాకా టాటా ఏస్‌లోనో బొలెరో పికప్‌లోనో ఎక్కించుకుని పోవాలి. ఊరి చివర చెరువు దాకా ఒక్క కిలోమీటరే కదా అన్నా సరే, ఆ కిలోమీటరులో ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్సు ఒక్క రూపాయి ఇవ్వదు.

ఖర్చు సంగతి కూడా అంతే. రోడ్డు బండికి సర్వీసు కిలోమీటర్లలో లెక్కిస్తాం. మోటోక్రాస్ బండికి గంటల్లో. పందెంలో గట్టిగా నడిపితే అయిదారు గంటలకోసారి ఆయిల్ మార్చాలి. నాలుగు స్ట్రోకుల 250లో పిస్టన్‌నే కొన్ని పదుల గంటలకోసారి మార్చుకోమని తయారీదారు పుస్తకంలోనే ఉంటుంది. ఇంజను హెడ్డు పాడైతే రిపేరు బిల్లు ఒక మంచి కొత్త కమ్యూటర్ బండి ధరను పలకరిస్తుంది. పొలం సొంతమై, అందులో ట్రాక్ వేసుకునే స్తోమతు ఉండి, బండి విప్పి బిగించే ఓపిక ఉన్నవాళ్లకు తప్ప ఈ రెండు జిల్లాల్లో మోటోక్రాస్ బండి ఇంట్లో పెట్టుకోవడం దండగే. ఎగరడం నేర్చుకోవాలన్న కోరిక బలంగా ఉంటే ముందు శిక్షణ కేంద్రానికి పోవడం మేలు. 2015లో ఎడారి దారుల్లో సాగే డాకర్ ర్యాలీ పందెం పూర్తిచేసిన మొదటి భారతీయుడు సీఎస్ సంతోష్ కోలార్ దగ్గర నెలకొల్పిన బిగ్ రాక్ డర్ట్‌పార్క్ అలాంటిది. నెల్లూరు నుంచి ఒక పూట ప్రయాణం. ఇలాంటి చోట్ల బండీ వాళ్లదే, ఒంటికి కట్టుకునే గార్డులూ వాళ్లవే. రెండు రోజులు ఒళ్లు హూనమయ్యాక, అసలు తనకు మోటోక్రాస్ కావాలా, ట్రెయిల్ కావాలా అన్నది ఎవరికి వారికే తేలిపోతుంది.

ఇసుక, రేగడి, గరప, రాయి

ఇసుకతో మొదలుపెడదాం, ఎందుకంటే ఈ ప్రాంతంలో బళ్లను ఎక్కువగా ఏడిపించేది అదే. ఇసుకలో టైరు నేల మీద నడవదు, తేలుతుంది. తేలాలంటే కాస్త వేగం కావాలి. వేగం తగ్గగానే ముందు చక్రం నాగలిలా ఇసుకను దున్నుతూ లోపలికి దిగి, హ్యాండిల్‌ను ఒక పక్కకు లాగేస్తుంది. కొత్తవాడు భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తాడు. బరువంతా ముందుకొచ్చి చక్రం ఇంకా దిగుతుంది. చేయాల్సింది సరిగ్గా దానికి తలకిందులు: నిలబడి, ఒళ్లు వెనక్కి వేసి, యాక్సిలరేటర్ సన్నగా పట్టే ఉంచాలి. బండి తల అటూ ఇటూ ఊగుతుంటే ఊగనివ్వాలి.

ఇక్కడ బరువు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కేఎల్ఎక్స్ 230 నూట ముప్పై తొమ్మిది కిలోలు. ఎక్స్‌పల్స్ 200 నూట అరవైకి అటూ ఇటూ. హిమాలయన్ 450 నూట తొంభై ఆరు. కాగితం మీద కేఎల్ఎక్స్‌కీ హిమాలయన్‌కీ తేడా యాభై ఏడు కిలోలు. పెన్నా ఏటి మధ్యలో మే నెల మిట్టమధ్యాహ్నం పడిపోయిన బండిని ఒక్కడే లేపాల్సి వస్తే ఆ యాభై ఏడు కిలోలు వడ్లబస్తా మీద పడ్డట్టే. అదే హిమాలయన్‌కు నలభై హెచ్‌పీ ఉందని, ఇసుకలో దూసుకుపోతుందని అనుకుంటారు. పవర్ నిజంగానే పనికొస్తుంది, కానీ ఆ పవర్ నేలకు చేరడానికి గుబ్బల టైరు కావాలి, పట్టుకోవడానికి చేయి తిరిగినవాడు కావాలి.

ఇసుకలో ఇంకో బాధితురాలు క్లచ్. దిగబడిన బండిని సగం క్లచ్ మీద పీకితే ప్లేట్లు కాలిన వాసన ముక్కుకు తగులుతుంది. ఆ వాసన వచ్చిందంటే అప్పటికే కొంత పోయినట్టు. బండి దిగి, పక్కకు పడేసి, గుంటను పూడ్చి, చేత్తో నెడుతూ మొదటి గేరులో నడిపించుకోవాలి. గాలితో చల్లబడే ఇంజన్లు ఇలాంటి చోట తొందరగా వేడెక్కుతాయి. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊళ్లలో ఇది చిన్న సంగతి కాదు. ఆ విషయంలో 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210లోని లిక్విడ్ కూలింగ్ పాత 200 కంటే ఒక మెట్టు పైనే.

సముద్రపొడ్డున నడిపే సరదా ఉన్నవాళ్లు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఉప్పునీళ్లు తగిలిన చెయిన్, స్పోకులు, కరెంటు కనెక్టర్లు వారం తిరక్కుండానే తుప్పు మొహం చూపిస్తాయి. అదే రోజు మంచినీళ్లతో కడిగి చెయిన్‌కు ఆయిల్ పట్టించాలి. రెండోది, ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలి తగ్గే నెలల్లో ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో ఇసుక మీద టైరు పెట్టకపోవడమే మర్యాద.

రేగడి కథ వేరు. ఎండాకాలంలో అది సిమెంటు రోడ్డంత గట్టిది, నెర్రెలు తప్ప భయం లేదు. ఈ జిల్లాలకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే పడతాయి. అప్పుడు అదే రేగడి టైరుకు చుట్టుకుని, రెండు చుట్లు తిరిగేసరికి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య గట్టిగా కూరుకుపోతుంది. ముందు చక్రం తిరగదు. బండి ముందుకు పోదు, వెనక్కీ రాదు. కర్ర పుల్లతో గోక్కుంటూ కూర్చోవాల్సిందే. మోటోక్రాస్ బళ్లలో ముందు మడ్‌గార్డు పక్షి ముక్కులా టైరుకు బాగా ఎత్తున ఎందుకుంటుందో ఆ క్షణంలో అర్థమవుతుంది. అది షోకు కాదు. హిమాలయన్, ఎక్స్‌పల్స్ లాంటి వాటిలో టైరుకు ఆనుకుని కింద ఇంకో మడ్‌గార్డు గానీ, దాన్ని పట్టుకునే బ్రేసు గానీ ఉంటే, వానాకాలం రేగడి దారుల్లో పోవాలనుకునేవాళ్లు దాన్ని విప్పేసి పోతారు. తడి రేగడిలో ఏ టైరైనా ఓడిపోతుంది, ఆ మూడు నెలలు ఎర్రనేలల వైపు పోవడం తెలివైన పని.

గరప నేల చూడ్డానికి సులువు. గట్టి నేల మీద చిన్న చిన్న గుండ్రాళ్లు పరుచుకుని ఉంటాయి. మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టారో, అంతే. బ్రేకు గట్టిగా పట్టినా చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ గురించి ఇక్కడే చర్చ వస్తుంది. రోడ్డు మీద ఏబీఎస్ ప్రాణదాత. వదులు రాళ్ల మీద మాత్రం వెనక ఏబీఎస్ పదే పదే బ్రేకు వదిలేస్తూ, బండిని ఆపాల్సిన చోట కంటే ముందుకు తీసుకుపోతుంది. చక్రం లాక్ అయితే దాని ముందు మట్టి కుప్పపడి బండి తొందరగా ఆగుతుంది. అందుకే ఆఫ్‌రోడ్ బండిలో వెనక ఏబీఎస్ ఆపుకునే వీలుందా అని చూడాలి. కొన్ని బళ్లలో ఒక బటన్ సరిపోతుంది. కొన్నింటిలో ఇంజను ఆపి వెలిగించగానే మళ్లీ మొదటికొస్తుంది, కొండదారిలో బండి ఆగిన ప్రతిసారీ ఆ తంతు చేయాలి. టెస్ట్ రైడులో ఈ ఒక్క విషయం చూసుకున్నా చాలా మేలు.

రాళ్ల దారికి మూడు లెక్కలు: 21 అంగుళాల ముందు చక్రం, ఇంజను కింద మందమైన ప్లేటు, గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు). పెద్ద చక్రం రాయి మీదికి ఎక్కుతుంది, చిన్న చక్రం దాన్ని గుద్దుతుంది. మార్కాపురం వైపు పలకరాళ్ల అంచులు పదును. పక్కగోడ పలచగా ఉన్న టైరును కోసేస్తాయి. అల్లాయ్ చక్రమైతే పగుళ్లొస్తాయి, స్పోకుల చక్రమైతే వంగుతుంది. వంగినదాన్ని ఊళ్లోనే సరిచేయించుకోవచ్చు, పగిలినదాన్ని పారేయాల్సిందే.

మార్కెట్లో ఉన్నవి

మన దేశంలో ఇలాంటి బండిని మొదట తలకెత్తుకున్నది హీరో కంపెనీ, 2011లో ఇంపల్స్‌తో. నూట యాభై సీసీ, నూట ముప్పై నాలుగు కిలోలు. ఈనాటి కళ్లతో చూస్తే అది చాలా మంచి బరువు. కానీ ‘ఈ రేటుకి ఇంత పవరేనా’ అన్న ఒక్క మాట దగ్గర ఆ బండి ఓడిపోయింది, కొన్నేళ్లకే ఆగిపోయింది. సీసీ పిచ్చి ఒక మంచి బండిని ఎలా చంపుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

దాని వారసుడిగా 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. తర్వాత నాలుగు వాల్వుల ఇంజను, ఆ పైన ప్రో రకం. మామూలు ఎక్స్‌పల్స్ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, సస్పెన్షన్ ముందు 190, వెనక 170. ప్రోలో సీటు 891కి ఎక్కింది, సస్పెన్షన్ 250, 220. రెండూ ఒకే బండి అనుకుంటే పొరపాటు. అయిదడుగుల అయిదంగుళాల మనిషి మామూలుదాని మీద రెండు కాళ్లూ దాదాపు ఆనించగలడు. ప్రో మీద ఒక కాలి మునివేళ్లే. ఈ బళ్ల అసలు బలం ఇంజను కాదు, పంతొమ్మిది హెచ్‌పీ దగ్గర్లో ఆగే ఆ ఇంజను హైవే మీద తొంభై దాటాక ఆయాసపడుతుంది. బలం ఎక్కడంటే, మండల కేంద్రంలో కూడా హీరో సర్వీసు ఉంది. పొదిలిలో క్లచ్ తీగ తెగినా, వింజమూరులో లివర్ విరిగినా మధ్యాహ్నానికి మళ్లీ బండెక్కొచ్చు. సగటు రైడరుకు పది హెచ్‌పీ అదనంగా ఉండటం కంటే ఇది పెద్ద సుఖం.

కేఎల్ఎక్స్ 230 ఆ లెక్కలో తిరగబడుతుంది. 2024 చివర్లో మూడు లక్షల ముప్పై వేల ఎక్స్-షోరూం ధరతో వచ్చినప్పుడు అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు; తర్వాత ఇక్కడే తయారు కావడం మొదలయ్యాక ధర బాగా దిగింది. పద్దెనిమిది హెచ్‌పీయే గానీ బరువు ఇరవై కిలోలు తక్కువ కావడంతో ఎక్స్‌పల్స్ కంటే చలాకీగా తిరుగుతుంది. సీటు ఎత్తు 880. ట్యాంకు మాత్రం 7.6 లీటర్లే. దోర్నాల, యర్రగొండపాలెం వైపు బంకుల మధ్య దూరాలు చూసుకోకుండా బయల్దేరితే బండి తోసుకుంటూ రావాల్సి వస్తుంది. విడిభాగాల కోసం పెద్ద నగరం వైపు చూడాల్సిందే. దాని పేరులోనే ‘ఆర్’ చేరిన 230ఆర్ ఎస్‌ను మాత్రం రోడ్డు మీదికి తేకూడదు, అది రిజిస్ట్రేషన్ లేని బండి. పేర్లు ఒకేలా ఉండటంతో పాత బళ్ల బేరంలో ఇక్కడ మోసపోయే అవకాశం ఉంది.

కేటీఎం 390 ఎండ్యూరో ఆర్ 2025లో వచ్చింది. 399 సీసీ, నలభై ఆరు హెచ్‌పీ దరిదాపు, సీటు 860. బాగా నడపడం వచ్చినవాడి చేతిలో అద్భుతమైన బండి. కొత్తవాడి చేతిలో గరప మలుపు దగ్గర అంత పవర్ ఒక్కసారిగా విడుదలైతే వెనక చక్రం ముందుకొచ్చి పలకరిస్తుంది. నేర్చుకునే దశలో తక్కువ పవరే గురువు, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి నడపగల బండి మీదే చేయి తొందరగా తిరుగుతుంది. హిమాలయన్ 450 విషయానికొస్తే, నెల్లూరు నుంచి శ్రీశైలం పోయి, దారిలో రెండు మట్టిరోడ్లు చూసి, భార్యను వెనక కూర్చోబెట్టుకుని తిరిగి రావాలనుకునేవాళ్లకు దానికి సాటి తక్కువ. ఏట్లో దిగాలంటే మాత్రం ఆలోచించాలి.

ఇక ఆర్ఎక్స్ 100. ఈ చర్చ ఎక్కడ మొదలైనా ఎవరో ఒకరు ‘మా ఆర్ఎక్స్ చాలు’ అంటారు. రెండు స్ట్రోకుల ఆ ఇంజను తేలికా, చురుకూ నిజమే. కానీ దాని సస్పెన్షన్ ఆడేది తక్కువ, చాసిస్ దూకుళ్ల కోసం చేసింది కాదు, 1996లోనే తయారీ ఆగిపోయింది. ఇప్పుడు మంచి ఆర్ఎక్స్‌కు పలికే ధరలో కొత్త ఎక్స్‌పల్స్‌కు చాలావరకు డబ్బు సమకూరుతుంది. దాన్ని రోడ్డు మీదే తుడిచి దాచుకోవాలి, గుట్టలెక్కించి చంపకూడదు.

అసలు ఈ ప్రాంతంలో రోజూ ఆఫ్‌రోడ్ చేసే బండి ఏదంటే టీవీఎస్ ఎక్సెల్. గడ్డిమోపు వెనక, పాలక్యాను ముందు, చేలగట్టు మీద జానెడు దారిలో పోతుంది. వంద సీసీ కూడా లేదు, నాలుగు హెచ్‌పీ చిల్లర. అయినా ఎందుకు పోతుందంటే బరువు తొంభై కిలోలు కూడా లేదు కాబట్టి, కాలు కింద పెడితే నిలబడుతుంది కాబట్టి, పడితే ఆడామగా ఎవరైనా లేపగలరు కాబట్టి. లక్షలు పోసి కొనే బండిలో వెతకాల్సిన గుణాలు కూడా ఇవే.

ఎత్తు, స్ప్రింగు, టైరు

సీటు ఎత్తు అంకె చూసి భయపడాల్సిన పనిలేదు. పొడవాటి సస్పెన్షన్ ఉన్న బండి మనిషి కూర్చోగానే కొంత కిందికి దిగుతుంది. రెండు కాళ్లూ ఆనాలన్న పట్టుదల రోడ్డు అలవాటు. మట్టిలో ఒక కాలు బాగా ఆనితే చాలు, పిరుదులు ఒక పక్కకు జరిపి ఆ కాలు దింపడం నాలుగు రోజుల్లో వస్తుంది. సీటు కోయించి, సస్పెన్షన్ లింకులు మార్చి బండిని కిందికి దింపించడం మాత్రం ఆఫ్‌రోడ్ బండి కొని దాని కాళ్లు విరగ్గొట్టడమే.

బండి కిందికి దిగే ఈ లెక్కను కొలుచుకోవడానికి టేపు ఒకటి చాలు. బండిని సెంటర్ స్టాండు మీద గానీ, ఇటుకల మీద గానీ వెనక చక్రం గాల్లో ఉండేలా నిలబెట్టాలి. వెనక యాక్సిల్ నుంచి తిన్నగా పైన మడ్‌గార్డు మీద ఒక గుర్తు పెట్టి దూరం కొలవాలి. తర్వాత హెల్మెట్, బూట్లు, బ్యాగు అన్నీ వేసుకుని మనిషి కూర్చోవాలి, ఇంకొకరు మళ్లీ కొలవాలి. రెండు కొలతల మధ్య తేడా మొత్తం సస్పెన్షన్ ప్రయాణంలో మూడో వంతు దగ్గర ఉండాలి. ఎక్స్‌పల్స్ వెనక 170 మిల్లీమీటర్లు కదా, యాభై నుంచి అరవై మధ్య అయితే సరి. తొంభై వస్తే స్ప్రింగు మెత్తన, ముప్పై వస్తే గట్టిది. షాకబ్జర్ మీద స్ప్రింగును బిగించే ప్రీలోడ్ రింగు తిప్పి కొంత సర్దుకోవచ్చు, సర్దుబాటు కాకపోతే స్ప్రింగే మార్చాలి. ఎనభై వేల ఎగ్జాస్టు పెట్టించే కుర్రాళ్లు పదినిమిషాల ఈ పని చేయించరు. బండి ‘ఎగిరేస్తోంది’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇక్కడే ఉంది.

టైర్ల విషయంలో సర్కారు కంప రాజ్యమేలుతుంది. చెరువు లోపల, కాలువ కట్టల మీద, బీడుల్లో ఎక్కడ చూసినా అదే. దాని ఎండు ముల్లు చెప్పునే కాదు, కొత్త టైరు గుబ్బల మధ్య పలచటి చోటునూ దాటిపోతుంది. మందం ట్యూబు వేయించుకోవడం మొదటి జాగ్రత్త. రెండోది, సీటు కింద 21 అంగుళాల ట్యూబు ఒకటి పెట్టుకోవడం. పల్లెటూరి పంచరు షాపులో 17, 18 ట్యూబులు దొరుకుతాయి గానీ 21 దొరకదు. ఇబ్బందిలో ఆ 21 ట్యూబునే కాస్త మడతపెట్టి వెనక చక్రంలో వేసుకుని ఇంటికి చేరొచ్చు. గాలి రోడ్డు మీద కంపెనీ చెప్పినంత, మట్టిలో ఇరవై పీఎస్ఐకి దగ్గరగా, ఇసుకలో ఇంకో నాలుగైదు తక్కువ. అంతకంటే దింపితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. రోడ్డెక్కేముందు మళ్లీ కొట్టడానికి చిన్న పంపు వెంట ఉండాలి, లేకపోతే ఇదంతా మాటలకే.

చీమకుర్తి క్వారీల వైపు తిరిగేవాళ్లకు ఎయిర్ ఫిల్టర్ మీద ఒక మాట. గ్రానైట్ దుమ్ము మెత్తగా పౌడరులా లేచి ఎందులోనైనా దూరుతుంది. ఇంజన్లోకి పోతే పిస్టన్ రింగులను అరగదీస్తుంది. కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు, మార్చాలి. స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌లో, ఆ తర్వాత సబ్బునీళ్లలో పిండకుండా నొక్కి కడిగి, నీడన ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి పెట్టాలి. ఆయిల్ లేని స్పాంజి దుమ్మును ఆపదు. ముందు బండి వెనకాలే దుమ్ములో పోతే ఒక్క రోజుకే ఇది చేయాల్సి రావచ్చు.

దారి ఎవరిది

నల్లమలలో బండి నడపాలన్న కోరిక సహజం. కానీ దోర్నాల, యర్రగొండపాలెం వైపు అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. వెలిగొండల్లో పెంచలకోన చుట్టూ పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలోకి పోవడమే నేరం. బండిని స్వాధీనం చేసుకుంటే మళ్లీ తెచ్చుకోవడానికి కోర్టు చుట్టూ తిరగాలి. వాడుకలో ఉన్న తారురోడ్లు వదిలి లోపలికి దిగకూడదు, అంతే. మిగిలేది తక్కువేం కాదు: డొంకలు, ఎండిన చెరువు గర్భాలు, బీళ్లు, ఊరి వాళ్లు రోజూ నడిచే గుట్టదారులు. అక్కడ కూడా పైరు మీద టైరు పడకూడదు. సైలెన్సర్ పీకేసి మేకల మంద మధ్యలోంచి దూసుకుపోయిన ఒక్కడి వల్ల తర్వాత వచ్చే పదిమందికి ఆ ఊళ్లో దారి మూసుకుపోతుంది.

పిల్లలకు బండి కొనిచ్చే తల్లిదండ్రులు ఇంకో సంగతి చూసుకోవాలి. 2019 సవరణ తర్వాత మైనరు రోడ్డు మీద బండి నడిపి పట్టుబడితే తండ్రికో, సంరక్షకుడికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడే వీలుంది. చిన్న డర్ట్ బైకు సొంత పొలంలోనే, పెద్దలు పక్కనుండగానే.

పాత బండి కొనేటప్పుడు ఒడోమీటర్ అంకెను నమ్మి లాభం లేదు, మట్టి బండికి కిలోమీటర్లు తక్కువే ఉంటాయి, దెబ్బలు ఎక్కువ. ముందు చక్రం గాల్లో లేపి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. మధ్యలో ఎక్కడైనా టక్కున ఆగినట్టుంటే స్టీరింగ్ బేరింగ్ పోయింది. వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కలకు ఊపితే ఆ చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ బుష్‌లు వదులయ్యాయో లేదో తెలుస్తుంది. పెన్సిల్‌తో ఒక్కో స్పోకునూ తట్టుకుంటూ పోతే వదులైనది బొంగురుగా పలుకుతుంది. ఫోర్కు గొట్టాల మీద నూనె జిడ్డుందా, ఇంజను కింద ప్లేటు విప్పితే కేసుకు వెల్డింగ్ మచ్చ ఉందా చూడాలి. చల్లటి ఇంజను మీద మొదటి స్టార్టు చూడాలి. బేరానికి పోయేసరికే ఇంజను వేడిగా ఉంటే కారణమడగాలి. దిగుమతి బండి అని చెప్పి ఆర్సీ లేకుండా, కస్టమ్స్ కాగితం జిరాక్సు ఒక్కటే చూపిస్తే ఎంత చవకైనా బేరం అక్కడితో ఆపేయాలి.

చేతిలో రెండు లక్షలుంటే బండికి రెండు లక్షలూ పెట్టకూడదు. మోకాలి దాకా వచ్చే బూట్లు, మోకాలి గార్డులు, ఛాతీ కవచం, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డమున్న హెల్మెట్, గాగుల్స్, చేతి గ్లవ్స్, వీటికి కనీసం ఇరవై పాతిక వేలు పక్కన పెట్టాలి. అన్నింటిలో ముందు కొనాల్సింది బూట్లు. బండి పక్కకు పడినప్పుడు దాని కింద మొదట ఇరుక్కునేది చీలమండే, మామూలు షూ ఆ బరువును ఒక్క క్షణం కూడా ఆపలేదు.